జీప్ డోర్లు తీసేస్తే సైడ్ అద్దాలు ఎక్కడ బిగించుకోవాలి?

ఫ్రిస్కో_శ్రీను:

అందరికీ నమస్తే. నాది 2021 జీప్ రాంగ్లర్, జేఎల్ అనే తరంది, నాలుగు డోర్లది, స్పోర్ట్ ఎస్ మోడల్. కొన్నప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నా గానీ డోర్లు తీసే ధైర్యం మొన్న శనివారమే వచ్చింది. బండితో ఇచ్చిన టూల్ కిట్‌లో టీ50 బిట్ (నక్షత్రం గుంట ఉన్న స్క్రూలు తిప్పేది) ఉంది కాబట్టి పని అనుకున్నంత కష్టం కాలేదు, పక్కింటాయన ఒక చెయ్యి వేశాడు, గంటలోపే నాలుగూ ఊడదీసి గరాజ్ గోడకి ఆనించేశాం. అంతా అయ్యి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక గానీ వెలగలేదు, అద్దాలు కూడా డోర్లతోపాటే పోయాయని. నవ్వకండి.

దగ్గరే కదా అని అలాగే హనుమాన్ గుడికి బయల్దేరాం. వెళ్ళేటప్పుడు సందుల్లోంచి పోయాం, బాగానే ఉంది. వచ్చేటప్పుడు టోల్‌వే ఎక్కడం నా తెలివితక్కువ. లేన్ మారుదామని అలవాటుగా ఎడమకి చూస్తే అక్కడ అద్దం లేదు, మెడ తిప్పి చూసేలోపే వెనక పికప్ వాడు హారన్ మోత మోగించాడు. మా ఆవిడ ఒక చేత్తో చున్నీ, ఇంకో చేత్తో ప్రసాదం పొట్లం పట్టుకుని ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్ళయినవాళ్ళకి ఆ మౌనం గురించి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే అడుగుతున్నా. డోర్‌కి ఉన్న కంపెనీ అద్దాలే తీసి బాడీకి బిగించుకునే దారి ఉందా, లేక వేరేవి కొనాల్సిందేనా? ఆన్‌లైన్‌లో డోర్ హింజ్ (కీలు) రంధ్రంలో దూర్చేవి, బోల్టుతో బిగించేవి, విండ్‌షీల్డ్ పక్కన పెట్టేవి అని రకరకాలు ఉన్నాయి, ఏది పనికొచ్చేదో ఏది ఆటబొమ్మో తెలియట్లేదు. టెక్సస్‌లో సైడ్ అద్దాలు లేకుండా తిరిగితే టికెట్ ఇస్తారా? నా బండిలో బ్లైండ్ స్పాట్ లైటు (పక్కన మనకి కనిపించని చోట బండి ఉంటే వెలిగేది) ఉంది, దాని సంగతేంటి? వారంలో రెండు రోజులు ఆఫీసుకి 121 హైవే మీద ప్లేనో వెళ్తాను, కాబట్టి 70 మైళ్ళ వేగంలో కూడా కనిపించే అద్దం కావాలి, పార్కింగ్‌లో ఫొటోకి నిలబడేది కాదు. బడ్జెట్ 150 డాలర్లు. ఇంకొంచెం అయినా పర్లేదు, కానీ ఇంట్లో చెప్పే అంకె మాత్రం అదే.

జేకే_బాబాయ్:

తమ్ముడూ, ముందు టికెట్ సంగతి. టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 547.602 అడిగేది ఒక్కటే, బండి వెనక కనీసం 200 అడుగుల రోడ్డు డ్రైవర్‌కి కనిపించేలా ఒక అద్దం ఉండాలి. లోపలి అద్దంలో అంత దూరం కనిపిస్తే చాలు. కానీ రాంగ్లర్ లోపలి అద్దంలో మనకి ముందు కనిపించేది స్టెప్నీ. 35 అంగుళాల టైరు వేసుకున్నావంటే ఇంకా ఘోరం, ఆపైన వెనక సీట్లో ఇద్దరు పొడుగువాళ్ళు కూర్చున్నారంటే ఆ 200 అడుగులు దేవుడికే తెలియాలి. 200 అడుగులంటే దాదాపు పదమూడు కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినంత, ఒకసారి ఖాళీ రోడ్డు మీద ఆపి చూసుకో, నీకే అర్థమవుతుంది. ఇన్‌స్పెక్షన్‌లో పట్టుకుంటారన్న భయం 2025 జనవరి నుంచి లేదు, సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, మీ డల్లాస్ వైపు కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. పోలీసు ఆపకపోయినా పికప్ వాడు ఆపడు, అది నీకు ఇప్పటికే తెలిసొచ్చింది.

ఇక అద్దాలు. రాంగ్లర్ డోర్ హింజ్ ఎలా ఉంటుందో చూశావు కదా. డోర్ వైపు ముక్కకి కిందికి పిన్ను ఉంటుంది, బాడీ వైపు ముక్కకి రంధ్రం ఉంటుంది, కింద నుంచి టీ50 స్క్రూ తీసేసి డోర్‌ని పైకి లేపితే వచ్చేస్తుంది. డోర్ తీశాక ఆ రంధ్రం ఖాళీ. చవక అద్దాలన్నీ ఆ ఖాళీనే వాడుకుంటాయి, ఒక ఇనప కడ్డీ, చివర గుండ్రటి అద్దం, రంధ్రంలో దూర్చి కింద నట్టు బిగించడం, రెండు నిమిషాల పని.

నాది 2012 జేకే, నీ జేఎల్‌కి ముందు తరం రాంగ్లర్. నేను మొదట కొన్నవి అవే, జత 40 డాలర్లు. ఊళ్ళో 35 మైళ్ళ మీద బాగానే ఉన్నాయి. హైవే ఎక్కి 55 దాటగానే ఎడమ అద్దంలో వెనక వస్తున్న ట్రక్కు ఒకటి కాస్తా మూడయింది. కారణం తేలికే. రంధ్రానికీ పిన్నుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటే చాలు, మూలం దగ్గర ఆ కదలిక కడ్డీ చివరికి వచ్చేసరికి పెద్దదవుతుంది, బరువంతా చివర్నే ఉంది, పైన గాలి, కింద మడ్ టైర్ల అదురు. ఒక్కో వేగం దగ్గర ఆ అదురూ కడ్డీ ఊగే తీరూ కలిసిపోతే ఇంక అద్దం కాదు అది, తప్పెట. పిన్నుకి రబ్బరు ట్యూబు ముక్క తొడిగాను, పైనా కిందా రబ్బరు వాషర్లు వేశాను, సగం తగ్గింది. సగమే.

తర్వాత మార్చింది హింజ్‌ని బాడీకి పట్టి ఉంచే బోల్టుల దగ్గర బిగించే రకం. బ్రాకెట్ మందంగా ఉంటుంది, రెండు చోట్ల పట్టు ఉంటుంది కాబట్టి తిరిగే అవకాశం లేదు. కడ్డీ కూడా పొట్టి. ఇవి వేసి ఆరేళ్ళయింది, 70లో వెనక బండి నంబర్ ప్లేటు చదవలేను గానీ, అది సెడానా ట్రక్కా, ఇండికేటర్ వేశాడా లేదా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. మనకి కావాల్సింది అదే కదా.

బిగించేటప్పుడు మాత్రం ఇది గుర్తుపెట్టుకో: ఆ హింజ్ బోల్టులు రెండూ ఒకేసారి విప్పొద్దు. ఒకటి తీసి, బ్రాకెట్ పెట్టి, వదులుగా ఎక్కించి, అప్పుడు రెండోది తియ్యి. రెండూ కలిపి వదిలావంటే హింజ్ కాస్త జరుగుతుంది, అక్టోబర్‌లో డోర్లు మళ్ళీ పెట్టేటప్పుడు అవి మూసుకోక ప్రాణం తీస్తాయి. బోల్టు తల మీద పెయింటు ఉంటుంది, టీ50 బిట్‌ని సుత్తితో చిన్నగా కొట్టి పూర్తిగా లోపలికి దిగాకే తిప్పాలి, చేత్తో తిప్పాలి, ఇంపాక్ట్ గన్ జోలికి పోకు. తల అరిగిందంటే డ్రిల్ వెయ్యడమే గతి. నీ జేఎల్‌కి డోర్లూ హింజ్‌లూ అల్యూమినియం, నా జేకేలా స్టీలు కాదు, మధ్యలో స్టీలు బ్రాకెట్ నేరుగా రాసుకుంటూ తడి చేరితే పెయింటు ఉబ్బుతుంది. పల్చటి ప్లాస్టిక్ వాషరో, రబ్బరు ముక్కో వేసుకో. మరకి నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క చాలు, ఎర్రది వద్దు.

ఇంకో మాట, గిల్మర్ దగ్గర బార్న్‌వెల్ మౌంటెన్ లాంటి చోటికి వెళ్తే పైన్ చెట్ల మధ్య దారి సన్నగా ఉంటుంది, బోల్టుతో బిగించిన అద్దాన్ని చెట్టు పట్టుకుంటే హింజే లాగుతుంది. అక్కడ మడిచేసే రకం ఉంటే మంచిది. నా పాత 40 డాలర్ల జత ఇప్పటికీ పారెయ్యలేదు, ట్రెయిల్‌కి వెళ్ళినప్పుడు అవే, గుద్దుకున్నా బాధ లేదు.

గోదారమ్మాయి_బే_ఏరియా:

బాబాయ్ గారు చెప్పింది టెక్సస్ సంగతి. ఇది చదివి కాలిఫోర్నియాలో ఎవరూ ఒక్క అద్దంతో బయల్దేరకండి. ఇక్కడ వెహికల్ కోడ్ 26709 ప్రకారం ఈ రాష్ట్రంలో రిజిస్టరైన బండికి కనీసం రెండు అద్దాలు ఉండాలి, అందులో ఒకటి ఎడమవైపు బిగించి ఉండాలి, 200 అడుగుల లెక్క ఇక్కడా అదే. వాషింగ్టన్‌లో ఉన్న మా అన్నయ్యకి కూడా ఎడమ అద్దం తప్పనిసరి. అంటే సియాటిల్ నుంచి యూటాలోని మోఅబ్‌కి జీప్ వేసుకుని వెళ్ళేవాళ్ళు బయల్దేరే రోజే ఎడమ అద్దం పెట్టుకోవడం మేలు, రాష్ట్రం మారినప్పుడల్లా చట్టం వెతుక్కుంటూ కూర్చోలేం కదా.

శ్రీను గారూ, కంపెనీ అద్దాలే మార్చి పెట్టుకోవచ్చా అన్నారు. నేను ఆ పిచ్చి పని చేశాను, నాది 2020 జేఎల్. చెయ్యొచ్చు, కానీ మీ స్పోర్ట్ ఎస్‌లో అద్దాలకి కరెంటు ఉంటుంది, అద్దం తిప్పే మోటారు, మంచు కరిగించే హీటరు. ఆ తీగ డోర్ లోపల్నుంచి వస్తుంది. కాబట్టి డోర్ లోపలి ప్యానెల్ విప్పి, ప్లగ్గు తీసి, అద్దం ఊడదీసి, బ్రాకెట్ మీద ఎక్కించి, మళ్ళీ చలికాలంలో ఇదంతా వెనక్కి చెయ్యాలి. ఏడాదికి రెండుసార్లు ప్యానెల్ విప్పితే క్లిప్పులు ఎన్నాళ్ళు బతుకుతాయి? నావి రెండో ఏడాదికే మూడు విరిగాయి, ఇప్పుడు కుడి డోర్ కిరకిరలాడుతుంది. తీగ లేని అద్దాలు ఉన్న బేసిక్ మోడల్ వాళ్ళయితే ఆలోచించొచ్చు, మీరు వద్దు.

బ్లైండ్ స్పాట్ సెన్సర్లు జేఎల్‌లో వెనక టెయిల్ లైట్లలో ఉంటాయి, వాటికి డోర్లతో పని లేదు. కానీ వెలిగే గుర్తు అద్దం గాజులో ఉంటుంది కాబట్టి అది డోర్‌తో గరాజ్‌లోనే ఉండిపోతుంది. అంటే ఆ గుర్తు చూసి లేన్ మారే అలవాటు ఉంటే ఈ వేసవికి దాన్ని మర్చిపోవాలి. వెనక కెమెరా ఉంది కదా అని కొందరు అంటారు. 2018 మే నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరే, కానీ అది రివర్స్ కోసం పెట్టింది, పక్క లేన్ చూపించడానికి కాదు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. కంపెనీ బండిలో డ్రైవర్ వైపు అద్దం సమతలంగా ఉంటుంది, ఫెడరల్ స్టాండర్డ్ 111 అలాగే అడుగుతుంది. కుడివైపుది ఉబ్బెత్తు అద్దం, అందుకే దాని మీద మాత్రమే వస్తువులు కనిపించేదానికంటే దగ్గరగా ఉన్నాయని రాసి ఉంటుంది. టెన్త్ ఫిజిక్స్‌లో కుంభాకార దర్పణం అని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదే. ఇప్పుడు మీరు కొనే గుండ్రటి అద్దాలు చాలావరకు రెండువైపులా ఉబ్బెత్తువే వస్తాయి. పదేళ్ళుగా ఎడమ అద్దంలో ఎంత సైజు కనిపిస్తే అంత దూరం అని మన కళ్ళు లెక్క కట్టుకుని ఉన్నాయి, ఒక్కసారిగా ఆ సైజు చిన్నదైతే వెనక కారు ఇంకా దూరంగా ఉందనుకుని లేన్‌లోకి దూరేస్తాం. నాకు మొదటి వారంలో రెండుసార్లు అయింది, రెండోసారి హారన్ కొట్టినవాడు కిటికీ దించి తిట్టాడు కూడా, నాకు కిటికీ లేదు కాబట్టి పూర్తిగా వినిపించింది.

అలా అని ఎడమవైపు సమతలపు అద్దం కొంటే వేరే చిక్కు. హింజ్ దగ్గర పెట్టే అద్దం పాతదానికంటే ఒక జానెడు ముందుకి పోతుంది. కంటికి దూరం పెరిగేకొద్దీ, అద్దం కూడా చిన్నదైతే, అందులో పట్టే రోడ్డు తగ్గిపోతుంది, కిటికీకి దూరంగా నిలబడి బయటికి చూసినట్టు. నేను చివరికి చేసిందేంటంటే ఎడమవైపు కాస్త పెద్ద, నలుచదరపు సమతలపు అద్దం, దాని మూలన రెండు అంగుళాల ఉబ్బెత్తు స్టిక్కర్ అద్దం. చూడ్డానికి లారీ అద్దంలా ఉంటుంది, మా అత్తగారు ఫొటో చూసి "ఈ బండి సెకండ్ హ్యాండ్ ఏమిటే" అన్నారు. పని చేస్తుంది, అంతే.

అద్దం సరిచేసుకోడానికి ఇంకో మనిషిని పెట్టుకోండి. మీరు సీట్లో కూర్చోండి, వాళ్ళు బండి వెనక నుంచి పక్క లేన్‌లో నడుస్తూ ముందుకి రావాలి. లోపలి అద్దంలోంచి మాయమయ్యేలోపే సైడ్ అద్దంలో కనిపించాలి, సైడ్ అద్దంలోంచి మాయమయ్యేలోపే మీ కంటి కొసలో కనిపించాలి. మధ్యలో ఎక్కడైనా మనిషి మాయమైతే అక్కడ రేపు ఒక మోటార్‌సైకిల్ ఉంటుంది.

పాతబండి_2004:

నాది టీజే, జేకే కంటే పాత తరం రాంగ్లర్. దీనికి ఇంత గొడవ లేదు, విండ్‌షీల్డ్ కింది హింజ్ దగ్గర బిగించే బ్రాకెట్లు దొరుకుతాయి, పాత అద్దాలే వాటి మీదకి మారిపోతాయి, తీగా లేదు ప్లగ్గూ లేదు. ఒకసారి మార్చాక మళ్ళీ డోర్ మీద పెట్టనే లేదు, డోర్లు ఉన్నా లేకపోయినా అద్దాలు అక్కడే. కొత్త బండ్లలో హీటరు, మోటారు, లైటు అన్నీ పెట్టి ఒక్క మంచి పని మర్చిపోయారు.

బ్రాంకో_బాబ్జీ:

ఎవరో గుర్తుచెయ్యాలి కాబట్టి నేను చేస్తాను. 2021 నుంచి వస్తున్న ఫోర్డ్ బ్రాంకోకి అద్దాలు డోర్ మీద ఉండవు, విండ్‌షీల్డ్ మొదట్లో బాడీకే ఉంటాయి. డోర్లు తీసినా అద్దాలు ఉన్నచోటే, హీటర్‌తో సహా. నాలుగు డోర్ల మోడల్‌లో ఊడదీసిన డోర్లు డిక్కీలోనే పడతాయి కూడా. ఈ చర్చంతా చదువుతూ టీ తాగాను, చాలా హాయిగా ఉంది.

జేకే_బాబాయ్:

బాబ్జీ, టీ అయిపోతే కప్పు కడిగి బోర్లించు.

కొంపల్లి_థార్:

అన్నలూ, నాది హైదరాబాద్, 2022 థార్. గోవా వైపు వెళ్ళినప్పుడు డోర్లు తీసి తిప్పుదామని మా బ్యాచ్‌లో ప్లాన్, అద్దాలకి ఇలాంటి బ్రాకెట్ ఏదైనా మనకీ వస్తుందా?

గోదారమ్మాయి_బే_ఏరియా:

తమ్ముడూ, రాంగ్లర్ డోర్లు యజమాని చేత్తో తీసి పెట్టుకునేలా కంపెనీయే చేసింది, టూల్స్ కూడా ఇచ్చింది. థార్ డోర్లు అలా తీసి తిరగడానికి చేసినవి కావు. పైగా ఇండియాలో మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. నువ్వు బ్రాకెట్ తయారు చేయించుకోగలవు, ఏ వెల్డింగ్ షాపువాడైనా చేసిపెడతాడు. చెక్‌పోస్టు దగ్గర నిలబడి సమాధానం చెప్పాల్సింది మాత్రం ఆ షాపువాడు కాదు. రేపు ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేది డోర్ గురించే. టాప్ తీసుకుని తిరుగు చాలు, నీది సాఫ్ట్ టాప్ అయితే.

కొంపల్లి_థార్:

హార్డ్ టాప్ అక్కా 😭 మా తాత దగ్గర కమాండర్ జీపు ఉండేది, దానికి డోర్ ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు, పద్నాలుగు మంది ఎక్కేవాళ్ళం. అద్దం కూడా ఒకటే, అందులో తాత మీసం చూసుకునేవాడు.

ఫ్రిస్కో_శ్రీను:

మూడు వారాల తర్వాత వచ్చి చెప్తున్నా, ఏమనుకోకండి, మధ్యలో రిలీజ్ ఉండి ఆఫీసులో ఊపిరాడలేదు.

బాబాయ్ మాట విని హింజ్ బోల్టు రకమే కొన్నాను, గోదారమ్మాయి గారి మాట విని ఎడమవైపుది పెద్ద సమతలపు అద్దం తీసుకున్నాను, మూలన స్టిక్కర్ అద్దం అతికించాను. మొత్తం 187 డాలర్లు. బోల్టులు ఒక్కోటిగానే విప్పాను. ఎడమవైపు పైబోల్టు అసలు కదల్లేదు, పెయింటు పట్టేసింది, బ్లేడుతో తల చుట్టూ గీత గీసి, బిట్ కొట్టి దింపి, పొడుగు హ్యాండిల్ వేస్తే టక్కుమని శబ్దం వచ్చింది, బోల్టు విరిగిందేమోనని గుండె ఆగినంత పనైంది. విరగలేదు, పెయింటు ఊడిన శబ్దం. ఊడినచోట టచప్ పెయింటు రాశాను. మధ్యలో వెయ్యడానికి ప్లాస్టిక్ వాషర్లు దొరక్క పాత సైకిల్ ట్యూబు కత్తిరించి వేశాను.

అద్దం సరిచెయ్యడానికి మా ఆవిడనే వెనక నుంచి నడిపించాను. మొదటిసారి కుడివైపు ఆమె పూర్తిగా మాయమైంది, దాదాపు నాలుగు అడుగుల దూరం ఎక్కడా కనిపించలేదు. అద్దాన్ని ఇంకాస్త బయటికి తిప్పాక, అంటే మన బండి పక్క అసలు కనిపించనంతగా, అప్పుడు ఆ ఖాళీ పోయింది. నేనిన్నాళ్ళూ డోర్ అద్దాల్లో సగం నా బండినే చూసుకుంటున్నానన్నమాట. ఇదంతా చూశాక ఆవిడకి కాస్త నమ్మకం వచ్చినట్టుంది, చున్నీ మాత్రం ఇప్పుడు సీటు బెల్టు కింద దోపుకుని కూర్చుంటోంది.

121 మీద రెండు రోజులు వెళ్ళొచ్చాను. ఎడమది రాయిలా ఉంది. కుడివైపుది 62, 63 మైళ్ళ దగ్గర సన్నగా వణుకుతోంది, 68 దాటితే మళ్ళీ ఆగిపోతుంది. ఎందుకో?

జేకే_బాబాయ్:

అదే నేను చెప్పిన కడ్డీ ఊగే వేగం. కానీ ఒకవైపే అంటే బోల్టు చూడు ముందు. కింద ట్యూబు రబ్బరు వేశావు కదా, అది బరువుకి అణిగి పలచబడుతుంది, అప్పుడు బిగింపు వదులవుతుంది. కొత్తగా బిగించిన ఏ బ్రాకెట్ అయినా వంద మైళ్ళు తిరిగాక ఒకసారి చెయ్యి వేసి చూడాలి. బోల్టు గట్టిగానే ఉంటే అప్పుడు కడ్డీని ఒక అంగుళం లోపలికి జరుపు.

ఫ్రిస్కో_శ్రీను:

చూశాను. కింది బోల్టు పావు తిప్పు తిరిగింది. ఈ పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కావాలని 62లోనే వెళ్ళాను, వెనకాల అందరూ తిట్టుకున్నారు గానీ అద్దం కదల్లేదు.